కుడి జేబులో రెండు గింజలు

పాస్టర్ విట్లాక్ గారు ఇసుక గడియారం తిరగేశారు. ఒక గంట అయింది, ఇంకో గంట ఉంది, ఆయన ఊపు చూస్తే మూడో గంటకి కూడా సరుకు ఉన్నట్టే ఉంది, కానీ ఇవాళ ప్రసంగం తర్వాత ఊరి సభ కాబట్టి రెండో గంటతో ఆపక తప్పదు. ఈ ఇసుకంతా కిందికి జారేలోపు నేనొక నిర్ణయానికి రావాలి. నిజానికి వచ్చేశాను, పొద్దున బూట్లు వేసుకుంటూనే వచ్చేశాను, మరి ఈ చెయ్యి ఎందుకు ఊరుకోదో తెలియదు, కుడి జేబులోకి పోయి ఆ రెండు గింజల్నీ తడుముతూనే ఉంది. ఒకటి మొక్కజొన్న, ఒకటి చిక్కుడు. మొక్కజొన్న అంటే సరే, చిక్కుడు అంటే కాదు. ప్రసంగం అవగానే సంఘ పెద్ద డీకన్ థార్న్ తన నల్ల టోపీని గిన్నెలా పట్టుకుని నిలబడతాడు, ఊళ్ళో ఓటున్న ఇరవై ముగ్గురం వరసగా పోయి, మూసిన గుప్పిట అందులో పెట్టి, ఖాళీ చెయ్యి బయటికి తీయాలి. మొక్కజొన్నలు ఎక్కువైతే మా ఇంట్లో దిగిన కమ్మరి ఆంబ్రోస్ పెల్ ఈ ఊరివాడవుతాడు, వాగు ఒడ్డున కొలిమి పెట్టుకుంటాడు. చిక్కుళ్ళు ఎక్కువైతే పొద్దుగూకేలోపు సంచి భుజాన వేసుకుని మంచులో పడి పోవాలి, ఎక్కడికి అని ఎవరూ అడగరు. పరాయి మనిషిని ఊరి అనుమతి లేకుండా పది రోజులకు మించి ఇంట్లో ఉంచుకోకూడదని మేమే రాసుకున్నాం, ఆ రాతకి నేనూ చెయ్యెత్తాను, ఇవాళ పదో రోజు. ఆంబ్రోస్ వెనకాల, తలుపు పక్కన, పరాయివాళ్ళ బల్ల మీద కూర్చున్నాడు. నేను తిరిగి చూడలేదు. చూడక్కరలేదు, ఆ ముక్కు ఎగబీల్చే చప్పుడు పక్కన ఏడేళ్ళు పడుకున్నాను.

చలి. పోయిన నెల ప్రభువు బల్ల రోజున రొట్టె గడ్డకట్టి, విరుస్తుంటే పెంకులు పగిలినట్టు చప్పుడైంది. పాస్టరుగారు చేతి తొడుగులతోనే ప్రసంగిస్తున్నారు, నోటినుంచి మాటా ఆవిరీ కలిసే వస్తున్నాయి. ఊరు ఆయనకి ఏడాదికి ఇన్ని బళ్ళ కట్టెలని మాటిచ్చింది, సగం కూడా తోలలేదు, అందుకని చలికాలం మొదలైనప్పటి నుంచి ఏ ప్రసంగమైనా ఎక్కడో ఒకచోట కట్టెల మీదికి వస్తుంది. నోవహు ఓడ గురించి మొదలుపెడితే ఆ ఓడకి ఎంత కలప పట్టిందో చెబుతారు, ఏలీయా గురించి మొదలుపెడితే బలిపీఠం మీద కట్టెలు ఎలా పేర్చాడో చెబుతారు, చెప్పి మా వైపు చూస్తారు, మేమంతా బూట్ల వైపు చూస్తాం. నాకు ఆ ఇబ్బంది తక్కువ. ఎవరు ఎక్కడ కూర్చోవాలో ముగ్గురు పెద్దలు వయసూ ఆస్తీ మర్యాదా బేరీజు వేసి తేలుస్తారు, నాకు ఐదో వరసలో స్తంభం వెనక తేలింది. మర్యాదకి అది పెద్ద చోటేం కాదు, మా ఆవిడ మెర్సీ ఆ సంగతి విని రెండు రోజులు మాట్లాడలేదు, కానీ పాస్టరుగారికి నేను సగమే కనిపిస్తాను, ఆ సగంతో నిద్రపోయే సౌఖ్యం ముందు వరసవాళ్ళకి లేదు. ఇవాళ మాత్రం ఆ సగం మనిషినీ ఆయన చూపు వెతుక్కుంటూ వస్తున్నట్టుంది. ఇవాళ ఆయన ఎత్తుకున్నది గిబియోనీయుల సంగతి. యెహోషువ దగ్గరికి వేషం వేసుకుని వచ్చారే, వాళ్ళు. మాసికలేసిన చెప్పులు, బూజు పట్టిన రొట్టెలు, మేం చాలా దూరం నుంచి వచ్చాం బాబూ అని అబద్ధం చెప్పి జనంలో కలిసిపోయారే, వాళ్ళు. పరాయివాణ్ణి చేర్చుకునే ముందు అతని రొట్టె వాసన చూడమని ఆంబ్రోస్ గురించే చెబుతున్నారని ఊరంతా అనుకుంటోంది. నాకు మాత్రం ఒళ్ళంతా బూజు వాసన వేస్తోంది. అబద్ధం చెప్పి ఈ ఇంట్లోకి వచ్చినవాడు తలుపు పక్కన లేడు, స్తంభం వెనక ఉన్నాడు.

అబద్ధం అని ఎందుకనుకోవాలి, కాస్త సర్ది చెప్పానంతే. మా ఊళ్ళో సంఘంలో చేరాలంటే ప్రతివాడూ ఒక సాక్ష్యం చెప్పాలి, దేవుడు నన్ను ఫలానా రోజున ఫలానా చోట పట్టుకున్నాడని అందరి ముందూ నిలబడి చెప్పాలి. సంఘంలో లేనివాడికి ఓటు లేదు. ఓటు లేకపోతే ఏమైందంటారేమో, ఓటు లేనివాడి పంది కంచె దాటితే తప్పు పందిది, ఓటున్నవాడి పంది దాటితే తప్పు కంచెది, అంతే తేడా. మూడేళ్ళపాటు నా పందులే తప్పు చేశాయి. అప్పటికి నాకు ముప్పై దాటాయి, చేతిలో పని ఉంది, పెళ్ళాం ఉంది, లేనిదల్లా సాక్ష్యం. ఊళ్ళో అందరికీ ఏదో ఒకటి ఉంది. కర్ర పట్టుకుని వరసల మధ్య తిరుగుతూ నిద్రపోయేవాళ్ళని పొడిచే ఈ స్టబ్స్ ఉన్నాడే, అతనికి పిడుగు పడింది, అతని మీద కాదు, పక్క పొలంలో ఆవు మీద, దాంతోనే గట్టెక్కాడు. నాకేముంది, పీపాలు. చెక్కలు చెక్కడం, వంచడం, బిగించడం, ఆ పీపాల్లో ఎవరిదో ఉప్పుచేప నింపుకుని దీవులకి పోతుంది, నేను ఇంకో పీపా మొదలుపెడతాను. దేవుడు పీపాల వాడి దగ్గరికి ఎందుకొస్తాడు. ఎంత తవ్వుకున్నా ఒక్కటే దొరికింది, ఓడలో తుఫాను.

పంతొమ్మిదేళ్ళు నాకు. మా మేనమామ ఏడేళ్ళ కట్టుబానిస పనికి కాగితం మీద వేలిముద్ర వేయించి ఓడెక్కించాడు. పీపాలు చేసేవాడి దగ్గర రెండేళ్ళు పనిచేశానని, ఓడ అడుగున నీళ్ళ పీపాల బిగువు చూసే పని నాకిచ్చారు. ఆరో వారం అనుకుంటా గాలి లేచింది. పీపాలు తాళ్ళు తెంపుకుని దొర్లాయి, ఒకటి నా కాళ్ళ మీద కూర్చుంది. చీకటి, గడ్డం దాకా నీళ్ళు, ఆ నీళ్ళలో ఎలుకలు ఈదుతూ నా మీదికెక్కి ఊపిరి పీల్చుకుంటున్నాయి. సంఘం ముందు అప్పుడు నేను ప్రార్థిస్తున్నానని చెప్పాను. ప్రార్థించలేదు. ఓడ బిస్కెట్టు ముక్క ఒకటి నోట్లో ఉంటే దాన్నే నమిలాను, భయమేస్తే ఏదో ఒకటి నమలడం నా చిన్ననాటి అలవాటు, నములుతూ మా మేనమామని తరతరాలకీ తిట్టాను. అప్పుడు పైనుంచి ఒక గొంతు వినిపించింది. సాక్ష్యంలో నేను చెప్పిన ప్రకారం ఆ గొంతు, నా కుమారుడా, నీవు ఎక్కడ ఉన్నావు, లేచి నడువుము అన్నది. ఆ మాట చెప్పినప్పుడు ఆడవాళ్ళ వరసలో ఎవరో ఏడ్చారు. పాస్టరుగారు కళ్ళు మూసుకున్నారు. నిజానికి ఆ గొంతు అన్నది, ఎక్కడ చచ్చావురా దద్దమ్మా, కాళ్ళు ఆడించు అని. అది ఆంబ్రోస్ గొంతు. నాలాగే కాగితం మీద వేలిముద్ర వేసొచ్చిన కమ్మరి పిల్లాడు, నాతో అప్పటికి నాలుగు మాటలు కూడా మాట్లాడలేదు, నడుముకి తాడు కట్టుకుని దిగాడు, పీపా కింద భుజం పెట్టి లేపాడు. దేవుడు నన్ను దద్దమ్మా అన్నాడని సంఘం ముందు ఎలా చెప్పను. అందుకని అది తీసేశాను. అది తీసేశాక ఆంబ్రోస్‌ని ఎక్కడ పెట్టాలో తెలియలేదు, అతన్నీ తీసేశాను. మిగిలింది దేవుడు. ఒప్పుకున్నారు, ఆ వారమే నా పందుల నడవడిక బాగుపడింది.

నోట్లో నీళ్ళూరుతున్నాయి. ఎడం జేబులో వేయించిన మొక్కజొన్న గింజలు కాసిని ఉండాలి, పొద్దున జావ తాగకుండా వచ్చాను. వద్దనుకుని కాదు, మా మూడు కాళ్ళ ఇనుప బానకి కోతల నాడు ఒక కాలు విరిగింది, అప్పటినుంచి కింద రాయి పెట్టి వండుతోంది మెర్సీ, రాయి జారితే జావ పొయ్యిలోకి పోతుంది, ఇవాళ జారింది. కమ్మరి లేని ఊరు ఇలాగే ఉంటుంది. దగ్గరి కమ్మరి కొలిమి పన్నెండు మైళ్ళు, నా చెక్కుడు కత్తి అంచు పోయి రెండు నెలలైంది, డీకన్ థార్న్ నాగలి కర్రు విరిగి గడ్డివాములో పడుంది. స్టబ్స్ అటు తిరిగాడు. ఒక గింజ నోట్లోకి. నమలకూడదు, చప్పుడవుతుంది, బుగ్గన పెట్టుకుని నానబెట్టాలి, అదొక విద్య. మెర్సీ ఆడవాళ్ళ వైపునుంచి చూస్తోంది. ఆమెకి ఓటు లేదు కానీ ఆ చూపుంది. పొద్దున మొక్కజొన్న గింజ ఏరి నా అరచేతిలో పెట్టింది ఆమే. "మంచి గింజ చూసి ఇచ్చాను, పారేసుకోకు" అంది. నేను చిక్కుడు గింజ కూడా తీసుకుంటుంటే చూసి, "అదెందుకు?" అంది. "అందరూ రెండూ తెచ్చుకుంటారే, లేకపోతే గుట్టు ఏముంటుంది" అన్నాను. "నాకు తెలియని గుట్టా? నా బానకి మూడో కాలు లేదయ్యా. నువ్వు గానీ చిక్కుడు వేసొచ్చావో, వసంతందాకా నీకు చిక్కుడే వండి పెడతాను" అంది. ఇప్పుడు మగాళ్ళ వరసంతా చూస్తుంటే ఒక్కొక్కడి మొహంలోనూ ఒక్కొక్క ఆడమనిషి పెట్టిన గింజ కనిపిస్తోంది. ఇంకో వైపు డీకన్ థార్న్ ముందు బల్ల మీద మా అందరికీ ఎదురుగా కూర్చుని, కన్నార్పకుండా, చిక్కుడు చిక్కుడు అని చూస్తున్నాడు. నాగలి విరిగినా సరే, నోరు మంచిది కానివాడు ఊళ్ళో ఉండకూడదని ఆయన పట్టు. ఆంబ్రోస్ శనివారం సాయంత్రం పొద్దుగూకాక ఈల వేశాడు, అది మా లెక్కలో ఆదివారం కిందికే వస్తుంది, ఆదివారం ఈల వేయడం తప్పు.

పది రోజుల కిందట మంచులో వచ్చి నా పనిపాక తలుపు తట్టాడు. అతను పనిచేసే ఇనుప కొలిమి మూతపడిందట, నేనిక్కడున్నానని ఎవరో చెబితే నడుచుకుంటూ వచ్చాడు. గడ్డం నెరిసింది, ముక్కు అదే. "ఏరా, బతికే ఉన్నావా" అన్నాడు. నాకు సంతోషమే వేసింది, నిజంగా, అబద్ధమెందుకు, కావలించుకున్నాను కూడా, కావలించుకుని అతని భుజం మీదుగా చూస్తే ఎదురుగా ఇంటి గుమ్మంలో మెర్సీ నిలబడి ఉంది, అప్పుడు గుర్తొచ్చింది నా సాక్ష్యం. ఆ రాత్రి భోజనాల దగ్గర మెర్సీ అడగనే అడిగింది, "ఇద్దరూ ఒకే ఓడలో వచ్చారా, మరి ఈయన మీ పేరే ఎత్తలేదు?" నేను దగ్గాను. "మీ ఆయన మొదటినుంచీ మాటకారి కాదు వదినా" అన్నాడు ఆంబ్రోస్. తుఫాను అనే మాట వచ్చేట్టున్న ప్రతిసారీ దగ్గాను, ఓడ అన్నా దగ్గాను, నీళ్ళు అన్నా దగ్గాను, మూడో రోజుకి మెర్సీ బాతు కొవ్వు కాచి నా ఛాతీకి పట్టించింది. ఇప్పటికీ ఆ వాసన చొక్కాలోనుంచి వస్తోంది, పక్కన కూర్చున్నవాడు జరిగి కూర్చున్నాడు. దగ్గుతో ఇంట్లో ఆపగలను, ఊళ్ళో ఎలా ఆపను. వాడు ఇక్కడే ఉండిపోతే ఏదో ఒక రోజు, ఎవరి గుర్రానికో లాడం కొడుతూ, నవ్వుకుంటూ చెప్పేస్తాడు, మీ జేబెజ్ టక్‌వెల్‌ని ఓడలో పీపా కిందనుంచి లాగింది నేనే అని. సుత్తి దెబ్బకీ దెబ్బకీ మధ్య, అంతే, నా దేవుడు పోతాడు, నా ఓటు పోతుంది. పందుల సంగతి సరే, మెర్సీ మొహం ఎలా చూడను. ఆ రోజు ఆడవాళ్ళ వరసలో ఏడ్చింది మెర్సీయే.

ఇంకో గింజ. ఇసుక సగం దిగింది. పాస్టరుగారు పదహారో అంశంలో ఉన్నారు, గిబియోనీయుల చెప్పుల మాసికలకి ఆత్మీయ అర్థం. నాలుగు రోజుల కిందట డీకన్ నా పనిపాకకి వచ్చాడు, పీపా ఒకటి తట్టి చూస్తూ, కొనేవాడిలా కాదు, "నీకు తెలిసినవాడేగా టక్‌వెల్, మనిషి ఎలాంటివాడు?" అన్నాడు. ఆంబ్రోస్ వెనక వాకిట్లో కట్టెలు కొడుతున్నాడు, చప్పుడు వినిపిస్తోంది. నేను, "తెలుసండీ, కానీ పూర్తిగా తెలుసని చెప్పలేను" అన్నాను. అంతే అన్నాను. తప్పేమీ అనలేదు. కానీ ఆ మాట అన్నాక కట్టెల చప్పుడు ఆగిపోయింది, వాడు విన్నాడో, చెమట తుడుచుకున్నాడో ఇప్పటికీ తెలియదు, నాకు మాత్రం తిండి సహించలేదు. పూర్తిగా తెలియదట. మా ఇద్దరి కాగితాలూ కొన్న చేపల వ్యాపారి ఉప్పుకొట్టు అటక మీద ఏడు చలికాలాలు ఒకే దుప్పటి కింద పడుకున్నాం. నేను నిద్రలో దుప్పటి లాక్కునేవాణ్ణి, పొద్దున లేచి చూస్తే వాడు సగం ఒంటితో బయట ఉండేవాడు, ఉప్పు గోనె కప్పుకుని. ఒక్కసారి కూడా లాక్కోలేదు. ఒరే దద్దమ్మా, దుప్పటి మొత్తం నీ అబ్బ సొత్తా అనేవాడు, అంతే, అని ముక్కు ఎగబీల్చేవాడు. నాకు జ్వరమొస్తే నా వాటా చేపలు కూడా వాడే కడిగేవాడు, ఆ ఉప్పునీళ్ళలో చేతులు పగిలిపోయి, సాయంత్రం చెంచా పట్టుకోలేకపోతే నేను తినిపించాను. ఎవరికి ఏ నొప్పి పుట్టినా ఇంకొకడి పేరే పిలిచేవాళ్ళం, అమ్మలు సముద్రానికి అవతల ఉన్నారు మరి. అలాంటివాణ్ణి మంచులోకి తోలడానికి జేబులో గింజ పెట్టుకుని వచ్చాను. పెట్టుకుని కూర్చుని గిబియోనీయుల గురించి వింటున్నాను. వాడికి ఎక్కడైనా పని దొరుకుతుంది, కమ్మరికి పని దొరక్కపోవడమేమిటి, వాడు గట్టివాడు, చలి అలవాటే వాడికి. అలవాటు చేసింది ఎవరు. గింజ కావాలి. ఎడం జేబు అయిపోయింది, వేళ్ళు మొద్దుబారి దేన్ని పట్టుకున్నాయో తెలియడం లేదు, అటకలో కిటికీకి అడ్డంగా పెట్టిన చేపల బుట్టలోనుంచి మంచు పడేది, వాడి గడ్డం మీద, వాడు నిద్రలో తుడుచుకుంటూ, ఏదో దొరికింది, నోట్లో వేసుకున్నాను, నానబెట్టే ఓపిక లేక గట్టిగా కొరికాను.

పన్ను పగిలింది. వెనక దవడ పన్ను, చాలాకాలంగా సలుపుతున్నదే, కట్టె చీలినట్టు నిలువునా చీలింది, ఆ నొప్పి కంట్లోనుంచి పోయి నడినెత్తిన తేలింది, కళ్ళ ముందు ఓడ అడుగు చీకటి కమ్ముకుంది. నేను అరిచాను. ఏమని అరిచానో నాకు తెలియదు, తర్వాత మెర్సీ చెప్పింది, ఆంబ్రోస్ అని అరిచానట. పదిహేడో అంశం మధ్యలో, ప్రసంగం రెండో గంటలో, దేవుడి ఇంట్లో. ఆ అరుపుకి వెనకనుంచి జవాబు వచ్చింది. "ఎక్కడ చచ్చావురా దద్దమ్మా?" అని ఆ గొంతు, పైకప్పు దూలాలు అదిరేలా, అదే గొంతు. బల్లలు దాటుకుంటూ వస్తున్నాడు, మనుషుల భుజాల మీద చేతులేసి, ఒకావిడ టోపీ జారింది. స్టబ్స్ కర్ర అడ్డం పెట్టాడు. ఆంబ్రోస్ ఆ కర్రని అందుకుని, పక్కన కూర్చున్నవాడి చేతికిచ్చి, "కాస్త పట్టుకోండి" అన్నాడు. వచ్చి నా గడ్డం పట్టుకున్నాడు, గుర్రానికి పళ్ళు చూసినట్టు నోరు తెరిచి రెండు వేళ్ళు పెట్టి, పంటి ముక్కా ఇంకేదో ముక్కా లాగాడు. నేనూ చూశాను. అది చిక్కుడు గింజ, రెండు బద్దలైంది. ప్రసంగంలో తిన్నవాడికి శిక్ష తప్పదని ఊరందరికీ తెలుసు. వాడు ఆ గింజ వైపు ఒక క్షణం చూశాడు, నా వైపు ఒక క్షణం చూశాడు, గుప్పిట మూసి తన జేబులో పెట్టుకున్నాడు. "పన్ను పోయిందండీ, ఇంకేం లేదు" అని సభకి చెప్పాడు.

"సహోదరుడా," అన్నారు పాస్టరుగారు పైనుంచి, "నీ ఆత్మకి ఏమైంది?"

ఇక్కడ నేను పన్ను అండీ అని ఊరుకుని ఉంటే సరిపోయేది. అందరూ అదే అనుకుంటున్నారు. కానీ వాడు ఆ గింజ జేబులో పెట్టుకున్నాడు. నా నోట్లో రక్తం ఉప్పగా, సరిగ్గా ఆ ఓడ నీళ్ళ రుచితో ఉంది, ఉప్పు మింగలేక కక్కలేక నిలబడ్డాను, స్తంభం పక్కకి జరిగి నిలబడ్డాను, మొత్తం మనిషిని కనిపించేలా.

"అయ్యా, ఓడలో నన్ను పిలిచిన గొంతు ఇదే," అన్నాను. "దేవుడిది కాదు, ఈ ఆంబ్రోస్‌ది. మాటలు కూడా ఇప్పుడు మీరు విన్నవే. దద్దమ్మా అన్నది నేను తీసేశాను. తర్వాత ఇతన్ని కూడా తీసేశాను."

సభలో ఎవరూ దగ్గలేదు. మెర్సీ వైపు చూసే ధైర్యం లేదు నాకు. డీకన్ థార్న్ లేచాడు. "అయితే నీ సాక్ష్యం చెల్లదు. సాక్ష్యం లేనివాడు సంఘంలో లేడు. సంఘంలో లేనివాడికి ఓటు లేదు. ముందు ఇతన్ని వరసలోంచి తప్పించండి" అన్నాడు. మూడు మాటల్లో నా ఏడెనిమిదేళ్ళు చక్కగా మడిచి పక్కన పెట్టాడు. తప్పని అనలేను, నేను ఆయన బల్ల మీద ఉంటే నేనూ అదే అనేవాణ్ణి.

"డీకన్‌గారూ, కూర్చోండి. నేనింకా పద్దెనిమిదో అంశానికి రాలేదు" అన్నారు పాస్టరుగారు. ఆయన మొహంలో ఆవిరి చాటున ఏదో కదిలింది. "గిబియోనీయులు అబద్ధం చెప్పి లోపలికి వచ్చారు. అవునా? యెహోషువ వాళ్ళకి మాటిచ్చాడు. మూడో రోజున అబద్ధం బయటపడింది. పడ్డాక, ఇచ్చిన మాట వెనక్కి తీసుకున్నాడా?"

"లేదు" అన్నారు నలుగురైదుగురు.

"తీసుకోలేదు. వాళ్ళని వెళ్ళగొట్టలేదు. మరేం చేశాడు?"

చివరికి స్టబ్స్, కర్ర లేక చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక నిలబడ్డవాడు, "కట్టెలు కొట్టించాడండీ" అన్నాడు.

"కట్టెలు కొట్టించాడు" అన్నారు పాస్టరుగారు. ఆకులు రాలినప్పటి నుంచీ ఆ మొహంలో అంత వెలుగు నేను చూడలేదు. అప్పటికప్పుడు తేలిపోయింది, వసంతం వచ్చేదాకా ఊరు బాకీపడ్డ కట్టెలన్నీ నేనే కొట్టి పాస్టరుగారి పెరట్లో పేర్చాలి, మంచు కరిగాక నా సాక్ష్యం మళ్ళీ మొదటినుంచీ చెప్పాలి, ఈసారి ఏదీ తీసేయకుండా. అప్పటిదాకా ఇచ్చిన ఓటు ఓటే. ఊరు చేర్చుకుంటే ఆ కమ్మరి కూడా అదే రోజున తన సాక్ష్యం చెప్పుకోవాలి. తర్వాత పద్దెనిమిదో అంశం కూడా చెప్పారు, ఏదీ వదిలిపెట్టలేదు.

టోపీ వచ్చింది. నా కుడి జేబులో ఒక్కటే గింజ ఉంది, ఎంచుకునే బాధ పన్నుతోనే పోయింది. గుప్పిట టోపీలో పెట్టి విప్పాను. డీకన్ బల్ల మీద పోసి లెక్కపెట్టాడు, ఎవరో తనని మోసం చేసినట్టు మళ్ళీ లెక్కపెట్టాడు. చిక్కుళ్ళు పదకొండు, మొక్కజొన్నలు పన్నెండు.

బయట మంచు ఆగింది. మెర్సీ నా ముందుగా నడిచిపోతూ, ఆగి, నా మొహంలోకి చూడకుండా, "అందులో దేవుడు లేడు గనక ఆ రోజు నేను ఏడ్చింది వృథా అనుకుంటున్నావేమో," అంది, "నేను ఏడ్చింది నీ కాళ్ళ మీద పీపా పడ్డందుకు." తర్వాత ఆంబ్రోస్‌తో, "మరిదీ, కొలిమి ఎక్కడ పెట్టుకున్నా మొదటి పని నా బాన" అని చెప్పి వెళ్ళిపోయింది. మేమిద్దరం మిగిలాం. వాడు జేబులోంచి ఆ రెండు బద్దలూ తీసి అరచేతిలో పెట్టుకుని చూశాడు.

"ఇది వేద్దామనే వచ్చావు గదూ."

"ఆ" అన్నాను.

వాడు బద్దల్ని మంచులోకి విసిరేసి చెయ్యి తుడుచుకున్నాడు. "పోనీలే. పన్నిచ్చుకున్నావు."

"నా సాక్ష్యం సంగతి నీకు ముందే తెలుసా?"

"వచ్చిన మర్నాడే వదిన చెప్పింది. దేవుడు నీతో భలే మర్యాదగా మాట్లాడాడటగా."

"మరి ఒక్కమాటైనా అనలేదే."

"ఎక్కడ అననిచ్చావురా. నోరు తెరిస్తే దగ్గావు."

దవడ పట్టుకుని నవ్వాను, నవ్వితే నొప్పి, కళ్ళలో నీళ్ళు వచ్చాయి, నొప్పివే అనుకోమన్నట్టు అటు తిరిగాను. వాడు ముక్కు ఎగబీల్చాడు. కాసేపు నడిచాక వాడి నడక నెమ్మదించింది.

"అది సరేగానీ, మంచు కరిగాక నేనేం చెప్పనురా?" అన్నాడు. "ఆ రోజు నాకు దిగాలని లేదు. కాళ్ళు మొరాయించాయి. ఎవరో వెనకనుంచి తోసినట్టయింది, తిరిగి చూస్తే ఎవరూ లేరు. నా జన్మకి దేవుడు తగిలింది ఆ ఒక్కసారే. ఉన్నది ఒకే తుఫాను, అది కాస్తా నువ్వు వాడేశావు."

నేను ఆగిపోయాను. ఆ తోసిన చెయ్యి సంగతి ఇన్నేళ్ళలో నేను ఒక్కసారీ అడగలేదు. ఎవరో పిలిచారని మాత్రమే చెప్పుకుని తిరిగాను, పిలిచినవాణ్ణి ఎవరు పంపారో అడగలేదు.

"పంచుకుందాంరా," అన్నాను. "సగం సగం. అటక మీద దుప్పటి పంచుకోలేదూ."

"దుప్పటా," అన్నాడు ఆంబ్రోస్, "ఏడేళ్ళూ నాకు అంచే దక్కింది."

"అయితే ఈసారి ముందు నువ్వు లాక్కో" అన్నాను.